అక్కా, నిద్ర పట్టట్లేదు

ఎనిమిదేళ్ల కిందట మా తమ్ముడు నాతో మూడు మాటలు అన్నాడు. మూడూ నెలన్నర వ్యవధిలో అన్నవే. మూడింటికీ నేను వెంటనే జవాబు చెప్పేశాను. ఆ జవాబులు ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

మొదటిది ఒక రాత్రి పదకొండు దాటాక. నెలాఖరు కావడంతో ఆఫీసు లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. వాడు గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, నిద్ర పట్టట్లేదు" అన్నాడు. నేను స్క్రీన్ మీంచి తల కూడా ఎత్తకుండా, "ఆ ఫోన్ పక్కన పడేయ్, అదే పడుతుంది" అన్నాను. కాసేపు అక్కడే ఉన్నట్టున్నాడు. తర్వాత తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు.

రెండోది ఇంకో రెండు వారాలకి. "ఏం చదివినా బుర్రకెక్కట్లేదక్కా. ఒకే పేజీ నాలుగుసార్లు చదువుతున్నా." ఆ సాయంత్రమే కూర్చుని వాడికో టైమ్ టేబుల్ రాసిచ్చాను. నాలుగు రంగుల పెన్నులతో, పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా గంటకో గడి. వాడి మంచానికి ఎదురుగా గోడకి అంటించింది కూడా నేనే. అక్కగా నా బాధ్యత నేను చేశానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

మూడోది ఒక ఆదివారం. ఇద్దరం కూర్చుని బట్టలు మడతపెడుతున్నాం. ఒక చొక్కా చేతిలో పట్టుకుని, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టే, "నేను లేకపోతే మీ ఇద్దరికీ కాస్త తేలికవుతుందేమో కదక్కా" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. ఆ భయం పైకి కనపడకుండా ఉండాలని కసిరాను. "పిచ్చి మాటలు మాట్లాడకు."

ఆ తర్వాత వాడు నాతో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఏటా అక్టోబరు వస్తుందంటే నాకు ఈ మూడూ వరసగా గుర్తొస్తాయి. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం. 1992 నుంచీ జరుపుతున్నారు. ఆ వారమంతా కాలేజీల గోడల మీద పోస్టర్లు వెలుస్తాయి. "మనసు విప్పి మాట్లాడండి", "బాధని లోపల దాచుకోకండి", "సాయం అడగడం బలహీనత కాదు". మాటలు మంచివే. వాటిని చూసి ఒక్కరు నోరు విప్పినా మేలే. కానీ ఆ పోస్టర్ ముందు నిలబడిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. మా వాడు మాట్లాడాడు కదా. ఒకసారి కాదు, మూడుసార్లు. వినాల్సినదాన్ని నేను. ఎలా వినాలో నాకెవరూ చెప్పలేదు. ఏం విన్నానో కూడా అప్పుడు నాకు తెలీలేదు.

మా తమ్ముడు బతికే ఉన్నాడు. బాగున్నాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చదువుతున్నప్పుడు కొందరికి ఊపిరి బిగపట్టినట్టవుతుంది, నాకూ అవుతుంది. వాడు దక్కడానికి కారణం నేను కాదు. వాడి స్నేహితుడు.

ఆ ఆదివారం గడిచిన నాలుగో రోజు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ అబ్బాయి మా ఇంటి బయట నిలబడి ఉన్నాడు. చంకలో పొడుగాటి నల్ల సంచి. అందులో ఉన్నది మా వాడి మ్యూజిక్ కీబోర్డ్. రెండేళ్లు డబ్బులు దాచుకుని కొనుక్కున్నది, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ అబ్బాయి లోపలికి రమ్మన్నా రాలేదు. "అక్కా, వాడు దీన్ని నాకు ఇచ్చేశాడు. ఎందుకురా అంటే ఇక అవసరం లేదు అన్నాడు. మీరిది తీసేసుకోండి. నాకెందుకో భయంగా ఉంది" అన్నాడు. గొంతు వణుకుతోంది. పద్దెనిమిదేళ్ల పిల్లాడు. మేం తిట్టుకుంటామేమో, స్నేహితుడికి తెలిస్తే ఇక మాట్లాడడేమో అని ఎంత మథనపడి వచ్చి ఉంటాడో ఇప్పుడు తలచుకుంటే కళ్లు చెమరుస్తాయి.

ప్రాణంగా చూసుకున్న వస్తువులని పంచిపెట్టేయడం, అది చాలా పెద్ద హెచ్చరిక అని నాకు తర్వాత తెలిసింది. ఆ అబ్బాయికి అప్పుడు ఆ విషయం తెలీదు. తేడాగా అనిపించింది, అనిపించిన దాన్ని కొట్టిపారేయకుండా సంచి భుజాన వేసుకుని నడిచి వచ్చాడు.

ఆ రాత్రి నేను మా వాడి గదిలోకి వెళ్లాను. అడగాలా వద్దా అని గంటసేపు వంటింట్లోనే తచ్చాడి ఉంటాను. అడిగితే, లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమో అని భయం. చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. కానీ అది నిజం కాదు. నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, పెరగదని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. అప్పటికే ఆ ఆలోచనతో ఒంటరిగా పోరాడుతున్న మనిషికి, అడగడం వల్ల కాస్త ఊపిరి అందుతుంది. ఇవేవీ ఆ రాత్రి నాకు తెలీవు. ఇక దాచుకోలేక అడిగేశానంతే.

"నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

వాడిని నేను చిన్నప్పుడు నాన్నా అని పిలిచేదాన్ని. మళ్లీ ఆ పిలుపు ఎలా వచ్చిందో తెలీదు. వాడు చాలాసేపు దుప్పటి అంచు మెలిపెడుతూ కూర్చున్నాడు. తర్వాత, "అవును" అన్నాడు. అని నా మొహంలోకి చూశాడు. నేను అరుస్తానా, ఏడుస్తానా, అమ్మని పిలుస్తానా అని చూస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏం అనాలో తెలీక, "ఎన్నాళ్ల నుంచి?" అని మాత్రం అడిగాను. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున మూడున్నర దాకా చెప్పాడు. ఆ రాత్రి నేను వాడిని వదిలి వెళ్లలేదు. వాడి చేతికి అందకూడనివి ఇంట్లో ఏమున్నాయో చూసి తీసేశాను. పొద్దున్నే అమ్మకి చెప్పి, ముగ్గురం డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

ఆ డాక్టర్ మొదట రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ లోపమో, రక్తహీనతో, బీ12 తక్కువైనా కూడా మనిషి ఇలా నీరసించి, దిగాలుగా అయిపోవచ్చు, ముందు అవి చూద్దాం అన్నారు. అవన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. అక్కడ వాడి చేతికి ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకే అసహ్యం, ఏకాగ్రత, ఇలా ఒక్కోటి ఎన్ని రోజులు ఉంది అని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 27. దాని పేరు పీహెచ్‌క్యూ-9. దాదాపు పాతికేళ్లుగా ప్రపంచమంతా వాడుతున్నారు. 20, ఆపైన వస్తే తీవ్రమైన డిప్రెషన్ కింద లెక్క. అది ఒక వడపోత మాత్రమే, జబ్బు ఉందో లేదో తేల్చాల్సింది డాక్టరే. మా వాడికి 23 వచ్చింది.

ఆ కాగితంలో మూడో ప్రశ్న నిద్ర గురించి. ఏడో ప్రశ్న చదువుతున్నా, టీవీ చూస్తున్నా మనసు నిలవకపోవడం గురించి. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. నేను ఆ మూడు వరుసలూ మళ్లీ మళ్లీ చదివాను. వాడు నాతో అన్న మూడు మాటలూ అవే. నా తమ్ముడు తన జబ్బు లక్షణాలని ఒక్కొక్కటిగా, డాక్టర్లు రాసుకున్న వరసలోనే నాకు అప్పజెప్పాడు. నేను ఒకదానికి ఫోన్‌ని తిట్టాను, ఒకదానికి టైమ్ టేబుల్ రాశాను, ఒకదానికి పిచ్చి అన్నాను.

ఆ 'పిచ్చి' అనే మాట గురించి కాస్త చెప్పాలి. మన భాషలో దానికి ప్రేమ కూడా ఉంది. పిచ్చితల్లీ అంటాం, పిచ్చి నాన్నా అని ముద్దు చేస్తాం. అందుకే నోట్లోంచి తేలిగ్గా జారిపోతుంది. కానీ తనలో ఏదో తేడా జరుగుతోందని లోలోపల హడలిపోతున్న పిల్లాడికి ఆ మాట వేరేలా తగులుతుంది. 'మెంటల్', 'స్క్రూ లూజ్', 'ఓవరాక్షన్' ఇవన్నీ అంతే. మా వాడు తర్వాత చెప్పాడు, "నువ్వు పిచ్చి మాటలు అన్నాక, ఓహో నాకు పిచ్చే అన్నమాట, ఇక ఎవరికీ చెప్పకూడదు అనుకున్నానక్కా" అని. నాకు ఆ మాటతో ఇప్పుడు పేచీ ఉంది. నా ఎదురుగా ఎవరన్నా వాడితే ఊరుకోను. చాదస్తం అనుకున్నా పర్వాలేదు.

మందులు మొదలయ్యాయి. అమ్మ భయం అమ్మది. "వీటికి అలవాటు పడిపోతాడేమో" అని నాలుగుసార్లు అడిగింది. డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. డిప్రెషన్ మందులు మత్తుమందుల్లాగా ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపించేవి కావు. అయితే ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు లాంటివి వస్తాయి కాబట్టి మానేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అదీ డాక్టర్ చెప్పినప్పుడే. ఇంకో సంగతి గట్టిగా చెప్పారు. పాతికేళ్లలోపు వాళ్లలో కొందరికి ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, కాబట్టి ఆ రోజుల్లో దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి అని. మొదటి మాత్రకే తేడా కనపడాలని ఎదురుచూడొద్దు, రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది అన్నారు. చాలామంది మందు పని చెయ్యట్లేదని రెండో వారంలో ఆపేసేది ఈ సంగతి తెలీకే.

మందులతో పాటు వారానికోసారి సైకాలజిస్ట్ దగ్గరికి. ఆవిడ పెద్ద పెద్ద మాటలేవీ చెప్పలేదు. నా రంగురంగుల టైమ్ టేబుల్ గోడ మీంచి తీసేయించారు. దాని బదులు రోజుకి ఒక్క పని రాయించారు. 'స్నానం'. అంతే. తర్వాతి వారం 'స్నానం, పది నిమిషాలు బయట నడక'. బాగనిపించాక చేద్దాం అని కూర్చుంటే డిప్రెషన్‌లో ఆ 'బాగనిపించడం' ఎప్పటికీ రాదట. ముందు చిన్న పని జరగాలి, దాని వెనకాల మనసు కదులుతుంది.

ఐదో వారంలో ఒక సాయంత్రం. నేను కీబోర్డ్ దుమ్ము దులిపి కవర్ వేస్తున్నాను. వాడు మంచం మీంచే, "తిరగేసి వేశావేంటక్కా, జిప్ ఇటువైపు రావాలి" అని చిరాగ్గా అన్నాడు. ఆ చిరాకు వినగానే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రెండు నెలలుగా ఏదీ ఎటున్నా ఒకటే అన్నట్టున్న మనిషి, జిప్ ఎటువైపు ఉందో పట్టించుకున్నాడు. వాయించడానికి ఇంకో నెల పట్టింది. నడుమ రెండుసార్లు మళ్లీ కుంగిపోయాడు. మొత్తం మీద ఏడాదిన్నర.

అప్పట్లో నేను డాక్టర్‌ని అడిగాను, ఇంత చిన్న వయసులోనా అని. చిన్న వయసులోనే మొదలవుతాయమ్మా అన్నారు. పెద్దయ్యాక కనిపించే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయని, ముప్పావు వంతు ఇరవైల మధ్యలోపే మొదలవుతాయని తర్వాత నేనూ చదివాను. 10 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లని బలి తీసుకుంటున్న కారణాల్లో ఆత్మహత్య మూడో స్థానంలో ఉంది. ఈ సంగతులు పిల్లలతో మాట్లాడటానికి ఇప్పుడు కాలేజీలకి వెళ్తుంటాను. అక్కడ క్లాసులోకి వెళ్లి నిలబడినప్పుడు ఆ 'ఏడుగురిలో ఒకరు' అన్నది లెక్కలా కనపడదు. అరవై మంది కూర్చున్న గదిలో ఎనిమిది తొమ్మిది మొహాలు అవి. ఎవరివో తెలీదు. పక్కన కూర్చున్న వాళ్లకి కూడా తెలీదు.

మా వాడిని అడిగితే, ఎనిమిదో తరగతి నుంచే పరీక్ష రోజుల్లో కడుపునొప్పి వచ్చేదని గుర్తు చేసుకున్నాడు. బడి ఎగ్గొట్టడానికి వేషాలు అనుకున్నాం అందరం. పిల్లల్లో, టీనేజీలో దిగులు దిగులులాగే కనపడాలని లేదు. కడుపునొప్పిగా వస్తుంది, తలనొప్పిగా వస్తుంది, చాలాసార్లు కోపంగా వస్తుంది. ఊరికే కస్సుబుస్సులాడుతున్నాడు అంటాం. వయసు ప్రభావం అని వదిలేస్తాం. నిజంగా వయసు ప్రభావమే కావచ్చు కూడా. మరి తేడా ఎలా తెలుస్తుంది? నేను చూసుకునేవి మూడే. ఎన్నాళ్ల నుంచి ఉంది, రోజువారీ పనులకి ఎంత అడ్డం పడుతోంది, ఇంతకుముందు ఆ పిల్లాడు ఎలా ఉండేవాడు. మూడోది ముఖ్యం. పక్కింటి పిల్లలతో పోల్చకూడదు. వాడితో వాడినే పోల్చాలి.

నిద్ర సంగతి కూడా అప్పుడే తెలిసింది. టీనేజీలో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ వాళ్లలో రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అలాంటి పిల్లాడికి నేను పొద్దున ఐదున్నరకి ఎరుపు రంగు గడి గీసి ఇచ్చాను. ఫోన్ల వల్ల నష్టం లేదని నేను అనను. కానీ పెద్దవాళ్లం అన్నిటికీ ఫోన్‌నే తిట్టడం వల్ల, దాని వెనక ఉన్న అసలు కారణం చూడకుండా తప్పించుకుంటున్నాం.

ఆరేళ్లుగా శనివారాలు నేను కాలేజీలకి వెళ్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, కౌన్సెలర్‌ని కాదు. అకౌంట్స్ చూసుకునే మనిషిని. వెళ్లే ముందు మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అనే శిక్షణ తీసుకున్నాను. దాన్ని 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్ అనే నర్సు, ఆమె భర్త టోనీ జోర్మ్ అనే పరిశోధకుడు మొదలుపెట్టారు. ఆమె తనే డిప్రెషన్ అనుభవించిన మనిషి. ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే డాక్టర్ వచ్చేలోపు ఏం చెయ్యాలో మామూలు జనానికి నేర్పుతున్నాం కదా, మనసు కుంగిన మనిషికి ఎందుకు నేర్పకూడదు అన్నది వాళ్ల ఆలోచన. ఆ ఆలోచన నాకు సూటిగా తగిలింది. నాకు కావలసింది సరిగ్గా అదే. ఆ రాత్రి గుమ్మం దగ్గర నిలబడినవాడికి అక్క కావాలి, కాస్త తెలిసిన అక్క.

మొదట్లో నేనూ లెక్కలు, స్లైడ్లు పట్టుకెళ్లేదాన్ని. పిల్లలు మర్యాదగా వినేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. బయటికి వెళ్లాక ఏమీ మారేది కాదు. ఇప్పుడు స్లైడ్లు లేవు. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు "నిద్ర పట్టట్లేదు" అని మొదలుపెట్టాలి. రెండోవాళ్లు మూడు నిమిషాలు వినాలి. ఒకటే నిబంధన, సలహా ఇవ్వకూడదు. ప్రశ్నలు అడగొచ్చు, తల ఊపొచ్చు, ఊరుకోవచ్చు. సలహా మాత్రం వద్దు.

చాలామంది అర నిమిషం కూడా ఆగలేరు. "పడుకునే ముందు వేడినీళ్లతో స్నానం చెయ్యి", "యోగా చెయ్యి", "నాకూ అంతే, నేనైతే..." గది నిండా సలహాలే. ఆపి, మళ్లీ మొదలుపెట్టిస్తాను. రెండోసారికి గదిలో గోల తగ్గుతుంది. మూడోసారికి ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది, ఎవరో నిజంగా వింటున్నప్పుడు వచ్చే నిశ్శబ్దం.

ఒకసారి అలాంటి నిశ్శబ్దంలో, ఉత్తుత్తిగా మొదలుపెట్టిన ఒక అమ్మాయి మధ్యలో ఆగిపోయింది. ఎదుటి అమ్మాయి కంగారుపడి నావైపు చూసింది. నేను అక్కడే ఉండమని సైగ చేశాను. ఆ అమ్మాయి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, "చెప్పు, నేనిక్కడే ఉన్నా" అంది. ఆ మాట నేను నేర్పలేదు. ఆ తర్వాత మేం ముగ్గురం వేరే గదిలో చాలాసేపు కూర్చున్నాం, ఆ కాలేజీ కౌన్సెలర్ వచ్చేదాకా. అందుకే కౌన్సెలర్ అందుబాటులో ఉంటేనే ఈ ఆట ఆడిస్తాను. తలుపు తెరిచాక లోపలికి తీసుకెళ్లే మనిషి ఉండాలి కదా. ఒక్కరోజు కార్యక్రమం పెట్టి, పిల్లల మనసులు కదిలించి, సాయంత్రం ఫోటోలు దిగి వెళ్లిపోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఒకచోట అవగాహన పేరుతో నాటిక వేశారు. అందులో ఒక పాత్ర ఆత్మహత్య చేసుకోవడం ఎలాగో చూపించినంత పని చేశారు, చివర్లో ఊరంతా ఏడ్చి, ఆ అబ్బాయి ఎంత మంచివాడో చెప్పుకుంటారు. నేను మధ్యలోనే లేచి నిర్వాహకులతో మాట్లాడాను. ఉద్దేశం మంచిదే, కానీ ఆ దృశ్యం అప్పటికే అంచున ఉన్న పిల్లల్ని ముందుకు తోస్తుంది. పద్ధతి వివరించడం, చావుని గొప్పగా చూపించడం ప్రమాదమని పరిశోధనలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆ ఆలోచన వచ్చినా ఆగి, సాయం తీసుకుని, బయటపడిన వాళ్ల కథలు చెబితే అవి కాపాడతాయి. దానికి 2010లో పరిశోధకులు 'పపాగెనో ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. పపాగెనో ఒక పాత ఒపేరాలో పాత్ర. చనిపోదామనుకున్నవాడికి ముగ్గురు పిల్లలు వచ్చి వేరే దారి ఉందని గుర్తు చేస్తారు. అది చదివినప్పుడు నాకు మా ఇంటి ముందు నల్ల సంచితో నిలబడిన అబ్బాయే కనపడ్డాడు.

సెషన్ చివర ఒక అట్టపెట్టె పెడతాను. పేరు రాయకుండా చీటీ వెయ్యొచ్చు. ఆరేళ్లలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఒకటే. 'ఇంట్లో ఎలా చెప్పాలి?' నేను చెప్పేది ఇది. డిప్రెషన్ అన్న పేరు నువ్వు పెట్టక్కర్లేదు, దాని మీద వాదన పెట్టుకోనూ అక్కర్లేదు. జరుగుతున్నది చెప్పు, రోజులతో సహా చెప్పు. 'మూడు వారాల నుంచి రాత్రి మూడింటిదాకా నిద్ర రావట్లేదు. క్లాసులో ఏమీ ఎక్కట్లేదు. డాక్టర్‌కి చూపించండి.' నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతికివ్వు. అమ్మ వినకపోతే పిన్నికి చెప్పు, బాబాయికి చెప్పు, టీచర్‌కి చెప్పు. మొదటి మనిషి వినలేదని ఆగిపోవద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఈ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పు, ఒంటరిగా ఉండకు, నువ్వున్న చోట పనిచేసే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, లేదంటే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు.

ఇంకో చీటీ కూడా తరచూ వస్తుంది. 'నా ఫ్రెండ్ నాతో ఒట్టు వేయించుకుంది, ఎవరికీ చెప్పనని. చెప్పాలా?' చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చే సంగతైతే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలి. కోపం వస్తుంది, మాట్లాడటం మానేస్తుంది. ఫర్వాలేదు. మనిషి ఉంటే కోపం ఎప్పటికైనా తగ్గుతుంది.

ఇది రాసేముందు మా తమ్ముడికి చూపించాను. వాడి సంగతి కదా, వాడు ఒప్పుకుంటేనే పెడతానని చెప్పాను. మొత్తం చదివి ఒక్కచోట ఆగాడు. మొదటి రాత్రి గుమ్మం దగ్గర 'కాసేపు' ఉన్నాడని రాశాను కదా, అక్కడ వేలు పెట్టి, "పది నిమిషాలు నిలబడ్డానక్కా. ఈలోపు నువ్వు రెండు పేజీలు ప్రింట్ తీశావు" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను ఆ 'కాసేపు'ని దిద్దలేదు. ఆ రాత్రి నాకు తెలిసింది అంతే కాబట్టి అలాగే ఉంచాను.

ఈసారి అక్టోబరులో వెళ్లబోయేది పిల్లల దగ్గరికి కాదు. ఒక కాలేజీలో పనిచేసే టీచర్లు, హాస్టల్ వార్డెన్లు, పిల్లల అమ్మానాన్నలు కలిపి నలభై మంది. ఇన్నాళ్లూ వీళ్లనే పిలవమని అడుగుతూ వచ్చాను, ఇప్పటికి ఒప్పుకున్నారు. వాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అదే ఆట ఆడిస్తాను. పెద్దవాళ్లకి సలహా ఇవ్వకుండా ఉండటం ఇంకా కష్టం, మూడు నిమిషాలు కాదు ఐదు పెట్టాలనుకుంటున్నాను.

దానికి మా తమ్ముడి స్నేహితుణ్ని కూడా రమ్మన్నాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. నాలుగు రోజులు ఆలోచించి నిన్న రాత్రి ఫోన్ చేశాడు.

"నేనొచ్చి ఏం చెప్తానక్కా? నాకు అప్పుడు ఏమీ తెలీదు. భయమేసింది, కీబోర్డ్ తెచ్చి మీకిచ్చాను, అంతేగా."

"అదే చెప్పు" అన్నాను.